అన్వేషణ యాత్ర నుంచి తెచ్చిన ఎండు మొక్కల నమూనాలను ఎవరికి, ఎలా పంచాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ముగ్గురు కలిసి కొండ అడవుల్లో తిరిగి, కట్టలకొద్దీ ఎండబెట్టిన మొక్కలతో వెనక్కి వచ్చారు. చాలావాటికి నాలుగైదు డూప్లికేట్లు (ఒకే సేకరణలోని అదనపు నమూనాలు) ఉన్నాయి. సగం మొక్కలకు ఇంకా పేర్లు తెలియవు. మంచి షీట్లు (ఒక్కో కాగితంలో పరిచిన నమూనాలు) మీరే ఉంచుకోవాలా, బయటి హెర్బేరియంలకు, అంటే ఎండు మొక్కలను భద్రపరిచే సంస్థలకు, పంపాలా, పంపితే ఎవరికి పంపాలి, పేర్లు తేలేదాకా ఆగాలా అని అడిగారు. ఫోటోలు పంపితే సరిపోదా అని కూడా చివర్లో ఒక మాట వేశారు.

సూటిగా చెప్తాను. పంచండి. పేర్ల కోసం ఆగకండి. అన్నిటికంటే మేలైన సెట్టు ఆ మొక్కలు పెరిగిన దేశంలోని పబ్లిక్ హెర్బేరియంకి వెళ్ళాలి. రెండోది మీ సంస్థకి (మీ సంస్థ అదే దేశంలో ఉంటే ఈ రెండూ ఒకటే కావచ్చు). మూడోది ఆ మొక్కల కుటుంబం మీద పనిచేస్తున్న నిపుణులకి. ఇంకా మిగిలితే దూరంగా, వీలైతే వేరే ఖండంలో ఉన్న పెద్ద హెర్బేరియంకి. ఏ నంబరు ఎక్కడికి వెళ్ళిందో రాసుకున్న జాబితా లేకుండా మాత్రం ఒక్క కట్ట కూడా గడప దాటకూడదు. ఫోటోలు చాలవు. ఎందుకో కింద రాస్తాను.

నేను ఎన్నో ఏళ్లుగా హెర్బేరియంలో పని చేస్తున్నాను. కట్టలు కట్టి పంపే బల్ల దగ్గరా కూర్చున్నాను, వచ్చిన కట్టలు విప్పే బల్ల దగ్గరా కూర్చున్నాను. పంపేవాళ్ళకు చిన్నగా కనిపించే విషయాలు విప్పేవాళ్ళ ప్రాణం తీస్తాయి. అందుకే ఈ సమాధానం కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పంచడం ఎందుకు?

ఆస్తి పంపకంలో ఒకరికి వచ్చిన ముక్క ఇంకొకరికి రాదు. ఇక్కడ అందరికీ వచ్చేది ఒకటే: ఒకే చెట్టు కొమ్మలు, ఒకే నంబరు, ఒకే లేబుల్. పంచితే మీ వాటా తరగదు. మీ సాక్ష్యానికి ఇంకో చోటు దొరుకుతుంది, అంతే.

ఆ రెండో చోటు ఎంత అవసరమో వృక్షశాస్త్రం చాలాసార్లు చూసింది. హంబోల్ట్, బాంప్లాండ్ అనే శాస్త్రజ్ఞులు 1799 నుంచి 1804 వరకు అమెరికా ఖండాల్లో తిరిగినప్పుడు దారిలోనే నమూనాలను వాటాలు చేసి వేర్వేరుగా పంపారు. ఒక వాటా ఓడతో సహా మునిగిపోయింది. మిగిలినవి ఉన్నాయి కాబట్టి ఆ యాత్ర వృథా కాలేదు. బెర్లిన్ హెర్బేరియం 1943 మార్చి మొదట్లో ఒక్క రాత్రి బాంబు దాడిలో చాలావరకు కాలిపోయింది. అక్కడి టైప్ నమూనాల్లో (జాతి పేరుకి ఆధారంగా నిలిచే నమూనాలు) ఎన్నో పోయాయి. ఈ రోజు ఆ పేర్లను మనం నమ్మకంగా వాడగలుగుతున్నామంటే, యుద్ధానికి ముందే వాటి డూప్లికేట్లు ఇతర దేశాలకు వెళ్ళి ఉండటమే కారణం. షికాగో ఫీల్డ్ మ్యూజియం తరఫున మెక్‌బ్రైడ్ 1929 నుంచి యూరప్‌లో తీసిన టైప్ ఫోటోలు కూడా కొంత ఆదుకున్నాయి. కానీ నలుపు తెలుపు ఫోటోలో కేసరాల మీద నూగు ఉందో లేదో చూడలేం. డూప్లికేట్ దొరికిన చోట పని సులువైంది, ఫోటో మాత్రమే మిగిలిన చోట ఇప్పటికీ తంటాలే.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ మనీలా. 1945లో ఆ నగరం కోసం జరిగిన యుద్ధంలో అక్కడి హెర్బేరియం నాశనమైంది. అంతకుముందు అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఎల్మర్ మెరిల్ అక్కడ రెండు దశాబ్దాలు పనిచేసి, సేకరించిన వాటి డూప్లికేట్లను ప్రపంచంలోని పెద్ద హెర్బేరియంలకు ధారాళంగా పంపి ఉన్నాడు. ఫిలిప్పీన్స్ మొక్కల మీద ఇవాళ పనిచేసేవాళ్ళు ఆ షీట్ల మీదే ఆధారపడుతున్నారు. 'ఇన్ని ఎందుకు పంపడం' అని ఆయన అనుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

డూప్లికేట్ అంటే ఏది, ఏది కాదు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. డూప్లికేట్ అంటే 'అదే జాతి ఇంకో మొక్క' కాదు. వృక్ష నామకరణ నియమావళి ప్రకారం, ఒకే సేకర్త లేదా బృందం, ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే జాతి నుంచి చేసిన ఒక్క సేకరణలోని భాగాలే ఒకదానికొకటి డూప్లికేట్లు. పొద్దున లోయలో కోసింది, సాయంత్రం శిఖరం మీద కోసింది ఒకేలా కనిపించినా రెండు సేకరణలు. రెండు నంబర్లు పడాలి.

దీన్ని పాటించకపోతే ఏమవుతుందో వాలిచ్ హెర్బేరియం చూపిస్తుంది. ఈస్ట్ ఇండియా కంపెనీకి చేరిన వేలాది నమూనాలను వృక్షశాస్త్రజ్ఞుడు నథానియల్ వాలిచ్ లండన్‌లో కూర్చుని వేరుచేసి, 1828 తర్వాత కొన్నేళ్లపాటు యూరప్ అంతటికీ పంచాడు. అంత పెద్ద పంపిణీ అంతకుముందు అరుదు. అది మంచి పనే, అందులో సందేహం లేదు. అయితే ఆయన నంబరు సేకరణకి కాదు, ఆయన దృష్టిలోని జాతికి. ఒకే నంబరు కింద నేపాల్‌లో తీసినదీ, బర్మాలో తీసినదీ, వేర్వేరు మనుషులు వేర్వేరు ఏళ్లలో తీసినవీ ఉంటాయి. కొన్నిచోట్ల ఏ, బీ, సీ అని అక్షరాలు తగిలించి వేరు చేశాడు, చాలాచోట్ల షీటు మీద ఆ అక్షరమే ఉండదు. రెండు హెర్బేరియంలలో ఒకే వాలిచ్ నంబరు చూసి ఇవి డూప్లికేట్లు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మోనోగ్రాఫ్ (ఒక మొక్కల గుంపు మీద సమగ్ర గ్రంథం) రాసేవాళ్ళు ఆ ముడులు విప్పుతూనే ఉన్నారు.

కాబట్టి పంపిణీ మొదలయ్యేది మీరు బల్ల మీద సెట్లు వేరుచేసే రోజున కాదు. అడవిలో నంబరు వేసే క్షణంలోనే సగం పని అయిపోతుంది, లేదా చెడిపోతుంది.

చెట్లతో పెద్ద ఇబ్బంది లేదు. ఒకే చెట్టు నుంచి నాలుగైదు కొమ్మలు కోసి, ప్రతి కొమ్మకీ అక్కడికక్కడే నంబరు చీటీ కట్టేస్తే చాలు. మగ చెట్టు, ఆడ చెట్టు వేరుగా ఉండే జాతుల్లో రెండిటికీ రెండు నంబర్లు వేయాలి. పక్కపక్కనే ఉన్నాయి కదా అని ఒకే నంబరు వేయకండి.

ప్రమాదమంతా చిన్న మొక్కలతోనే. గడ్డి, తుంగ, నాచు లాంటివాటిలో ఒక్కో షీటుకి బోలెడు మొక్కలు కావాలి కాబట్టి గుప్పెడు గుప్పెడుగా పీకుతాం. ఆ గుప్పెట్లో అచ్చం అలాగే ఉండే ఇంకో జాతి కలిసిపోతుంది. నా చేతికి వచ్చిన ఒక తుంగ సేకరణలో ఒక హెర్బేరియంలోని షీటు ఒక జాతి, ఇంకో హెర్బేరియంలోని షీటు వేరే జాతి. నంబరు ఒకటే, లేబుల్ ఒకటే. రెండు చోట్ల ఇద్దరు నిపుణులు రెండు పేర్లు రాశారు, ఇద్దరూ సరిగ్గానే రాశారు! అది తేలేలోగా ఒకరు ఇంకొకరిని తప్పుపడుతూ వ్యాసం కూడా రాసేశారు. అందుకే ఇలాంటి మొక్కలను సెట్లుగా విడదీసే ముందు లెన్స్ కింద ఒక్కో మొక్కనూ చూడండి. విసుగ్గా ఉంటుంది, తప్పదు.

తాళజాతులు, పెద్ద ఆకుల అరాయిడ్‌లు (చేమ కుటుంబపు మొక్కలు) ఇంకో కథ. ఒక్క ఆకే మూడు నాలుగు షీట్లకు వస్తుంది. అవి డూప్లికేట్లు కావు, ఒకే నమూనాలోని భాగాలు. ఆకు కొన ఒక ఊరికీ, మొదలు ఇంకో ఊరికీ పంపితే ఎవరి దగ్గరా మొక్క ఉండదు. '3 షీట్లలో 1వది' అని రాసి అన్నీ ఒకే చోటికి పంపాలి.

ముగ్గురికీ ఒకే నంబరు వరుస

మీరు ముగ్గురు అన్నారు కాబట్టి ఇది అడక్కుండానే చెప్తున్నాను. ముగ్గురూ ఎవరి నంబరు వాళ్ళు వేసుకోకండి. ఒకే కొమ్మకి ఒకరి లేబుల్‌లో ఒక నంబరు, ఇంకొకరి లేబుల్‌లో ఇంకో నంబరు పడితే ప్రపంచం దృష్టిలో అవి రెండు సేకరణలైపోతాయి. ఒకరి వరుసలోనే వేయండి, మిగతా ఇద్దరి పేర్లు సహసేకర్తలుగా లేబుల్ మీద ఉంటాయి. పేరు ముందా వెనకా అన్న పట్టింపు యాత్రకు ముందే తేల్చుకోవాలి. ప్రతి యాత్రకీ నంబరు ఒకటి నుంచి మొదలుపెట్టే అలవాటు కొందరికి ఉంది, దయచేసి మానేయండి. సేకర్త జీవితకాలానికి ఒకటే వరుస ఉంటే, పేరూ నంబరూ కలిపి చెప్తే చాలు, ప్రపంచంలో ఎక్కడున్నా అది ఏ మొక్కో తెలిసిపోతుంది.

మీరు ఇప్పటికే మూడు వరుసల్లో వేసి ఉంటే కంగారు పడకండి. ఒక్క వరుసను అసలుదిగా ఎంచుకుని, మిగతా రెండు నంబర్లను ప్రతి లేబుల్ మీదా 'ఇదే సేకరణ' అని చూపండి. కొట్టేయడం, దాచడం మాత్రం వద్దు.

లేబుల్ తర్వాత పంపుతాం అనకండి

'లేబుళ్లు తర్వాత పంపుతాం' అన్న చీటీతో వచ్చిన కట్టలను నేను విప్పాను. వాటిలో చాలావాటికి లేబుళ్లు రానేలేదు. సేకర్త ఉద్యోగం మారతాడు, ఫీల్డ్ బుక్ ఎక్కడో పడిపోతుంది, కట్ట అలమర పైఅరలో మూలుగుతుంది. లేబుల్ లేని మొక్కను ఏ క్యురేటరూ అతికించడు, పారేయడానికీ మనసొప్పదు.

లేబుల్ మీద ఉండాల్సినవి మీకు తెలిసినవే: దేశం, జిల్లా దాకా పరిపాలనా విభాగాలు, చోటు వర్ణన, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, సేకర్తలు, నంబరు. కొత్తవాళ్ళు మరిచేవి ఎండితే పోయేవి: పూల రంగు, వాసన, పాల రంగు, చెట్టు ఎత్తు, బెరడు తీరు. ఇంకో రెండు కూడా చేర్చండి. నమూనాను ప్రెస్ చేసేముందు ఆల్కహాల్‌లో తడిపి ఉంచారా అన్నది తప్పక రాయండి. తేమ అడవుల్లో ఆరబెట్టే వీల్లేక చాలామంది అలా చేస్తారు. దానివల్ల డీఎన్ఏ దెబ్బతింటుంది, ఆకుల రంగూ మారుతుంది. అది తెలియకపోతే తీసుకున్నవాళ్ళు ఆకు ముక్క కోసి, ఫలితం రాక, మళ్ళీ కోసి షీటు పాడుచేస్తారు. తేమ పీల్చే సిలికా జెల్‌లో ఆకు ముక్కలు విడిగా తీసి ఉంటే అవి ఎక్కడున్నాయో కూడా లేబుల్ మీదే రాయాలి.

ఎన్ని డూప్లికేట్లు చేశారో, ఏయే హెర్బేరియంలకు పంపుతున్నారో కూడా లేబుల్ కిందే ముద్రించడం మంచిది. పెద్ద హెర్బేరియంలన్నిటికీ ఇండెక్స్ హెర్బేరియోరమ్‌లో అధికారిక సంకేతాక్షరాలు ఉన్నాయి. లండన్‌లోని క్యూ ఉద్యానానికి 'కె', పారిస్‌కి 'పి', బెర్లిన్‌కి 'బి', కలకత్తా పక్కన హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంకి 'సిఎఎల్'. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ ఆ సూచికను నిర్వహిస్తోంది. మూడున్నర వేలకు దగ్గరగా హెర్బేరియంలు అందులో నమోదై ఉన్నాయి. మీరు పంపబోయే సంస్థకు ఇందులో సంకేతం లేకపోతే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పదేళ్ల తర్వాత ఆ షీటును వెతికేవాళ్ళకు అది ఎక్కడుందో తెలిసే దారి ఉండకపోవచ్చు.

ఏ సెట్టు ఎవరికి

మొదటి సెట్టు గురించి నా అభిప్రాయం గట్టిది: పూలూ కాయలూ రెండూ ఉన్న, పురుగు తినని, మొక్క ఆకారం బాగా తెలిసే షీటు మొక్క పుట్టిన దేశానికే. ఒక్కటే షీటు ఉంటే అదీ అక్కడికే. చాలా దేశాల్లో సేకరణ అనుమతి పత్రంలోనే ఇది షరతుగా ఉంటుంది. అనుమతిలో లేకపోయినా పద్ధతి అదే. పాత కాలంలో బయటి యాత్రికులు మంచివన్నీ తమ దేశాలకు పట్టుకుపోయి, అక్కడి శాస్త్రజ్ఞులు తమ ఊరి మొక్క టైప్ చూడటానికి సముద్రాలు దాటాల్సి వచ్చేలా చేశారు. ఆ పని మనం మళ్ళీ చేయనక్కర్లేదు.

నిపుణులకు పంపే సెట్టుకి ఒక పాత మర్యాద ఉంది. నిపుణుడు పేరు చెప్తాడు, ప్రతిఫలంగా షీటు ఆయన సంస్థే ఉంచుకుంటుంది. మీరు షీటు వెనక్కి అడగరు. ఆయన నంబర్లూ పేర్లూ ఉన్న జాబితా ఒకటి పంపుతారు. దాన్ని పట్టుకుని మీరు మీ దగ్గరున్న షీట్ల మీద నిర్ధారణ చీటీలు అతికిస్తారు. నంబర్లు సరిగా ఉంటేనే ఈ ఏర్పాటు నడుస్తుందని వేరే చెప్పక్కర్లేదు. పంపేముందు ఒక ఈమెయిల్ రాసి అడగండి. అడక్కుండా పెట్టెడు మొక్కలు దిగబెడితే ఎవరికైనా టెన్షనే. అవి అతికించాలి, బార్‌కోడ్ వేయాలి, అలమరలో చోటు చూడాలి. కొన్ని హెర్బేరియంలు ఫలానా ప్రాంతం మొక్కలు తీసుకోమని ముందే చెప్పేస్తాయి.

ఎన్ని సెట్లు? పెద్ద చెట్టయితే నాలుగైదు బాగుంటాయి. అంతకన్నా ఎక్కువ చేస్తే చివరి సెట్లలో పువ్వు లేని ఎండు పుల్లలే మిగులుతాయి, అవి ఎవరికీ పనికిరావు. ఎనిమిది అరకొర షీట్లకన్నా మూడు నిండు షీట్లు మేలు. అరుదైన మొక్క దగ్గర ఈ లెక్కలేవీ పెట్టుకోకండి. ఇరవై మొక్కలు కనిపిస్తే ఒకటికి మించి తీయకూడదన్నది చాలామంది పాటించే పద్ధతి. అయిదారే ఉంటే ఒక పూల కొమ్మ, ఫోటోలు, సిలికాలో ఆకు ముక్క చాలు. ఎక్స్ఛేంజ్ కోసం డూప్లికేట్లు కావాలని అలాంటి మొక్కను ఊడ్చేయడం నేరంతో సమానం.

హెర్బేరియంల మధ్య ఎక్స్ఛేంజ్‌లో 'మేం వంద ఇచ్చాం, మీరు ఎనభై ఇచ్చారు' అని లెక్కలు కట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. ఖాతా ఉండటం మంచిదే. కానీ ఆ ఖాతా నింపడానికే రోడ్డు పక్క కలుపు మొక్కలు కోసి పంపే దాకా పోతే అర్థం లేదు.

పేర్లు తెలియని వాటిని పంపొచ్చా?

పంపొచ్చు, పంపాలి. కుటుంబం పేరు తెలిస్తే అది చాలు. 2010లో వచ్చిన ఒక అధ్యయనం పూల మొక్కల కొత్త జాతుల వర్ణనలను పరిశీలించింది. సేకరించిన అయిదేళ్లలోపు వర్ణన పొందినవి 16 శాతమే. దాదాపు నాలుగో వంతు వర్ణనల్లో వాడిన నమూనాలు యాభై ఏళ్లకు పైబడినవి. అంటే కొత్త జాతులు అలమరల్లోనే, తప్పు పేరుతోనో పేరు లేకుండానో, సరైన కళ్ళ కోసం చూస్తూ దశాబ్దాలు గడుపుతున్నాయి. మీ దగ్గర కట్టకట్టి ఉన్న పేరులేని మొక్కను గుర్తుపట్టే మనిషి మీ సంస్థలో లేకపోవచ్చు. డూప్లికేట్ చేరిన నాలుగు చోట్లలో ఒకచోట ఉండొచ్చు.

అయితే దీనికి ఇంకో వైపు ఉంది. పేరు ఒకచోట మారితే మిగతా చోట్లకు ఆ కబురు చేరదు. 2015లో ఒక పరిశోధన బృందం డిప్టెరోకార్పేసీ, అంటే సాల వృక్షం కుటుంబం, డూప్లికేట్లను వేర్వేరు హెర్బేరియంలలో పోల్చి చూసింది. ఇరవై వేలకు పైగా షీట్లలో దాదాపు 29 శాతం ఒక్కో చోట ఒక్కో పేరుతో ఉన్నాయి. ఒకే చెట్టు కొమ్మలే! అడవి మీద, వాతావరణం మీద లెక్కలు వేసేవాళ్ళు ఈ పేర్లనే డేటాబేసుల నుంచి దించుకుంటారు.

ఇక్కడే మీ పంపిణీ జాబితా పనికొస్తుంది. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు: నంబరు, ఎన్ని సెట్లు, ఏ సెట్టు ఎక్కడ, పంపిన తేదీ, చేరినట్టు కబురు వచ్చిన తేదీ, ఇప్పటి పేరు, పేరు చెప్పినవారు. నిపుణుల నుంచి కొత్త పేరు రాగానే అదే నంబరు ఉన్న మిగతా అందరికీ ఒక మెయిల్ కొట్టండి. మా దగ్గరకు ఇలా ఏడాదికోసారి పేర్ల జాబితా పంపే సేకర్తలు కొద్దిమందే ఉన్నారు. వాళ్ళ షీట్లు మా అలమరల్లో ఎప్పుడూ సరైన ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ జాబితాను మీ కంప్యూటర్‌లోనే దాచకుండా మీ హెర్బేరియం రికార్డులో ఒక ప్రతి పెట్టండి.

కొత్త జాతి దొరికితే జాబితా ఇంకా కీలకం. 1990 జనవరి 1 నుంచి కొత్త జాతి పేరు చెల్లాలంటే హోలోటైప్ (ఆ పేరుకి ఆధారంగా ఎంచుకున్న ఒక్క నమూనా) ఏ హెర్బేరియంలో ఉందో వ్యాసంలో రాయాలి. దాని మిగతా డూప్లికేట్లు ఐసోటైప్‌లు అవుతాయి. చాలామంది 'ఐసోటైప్‌లు ఫలానా చోట్లకు పంపబడతాయి' అని రాసి, వ్యాసం అచ్చయ్యాక ఆ మాట మరిచిపోతారు. తర్వాత వచ్చేవాళ్ళు ఆ హెర్బేరియంలకు రాసి, లేదన్న జవాబు తెచ్చుకుంటూ ఉంటారు. షీటు చేరిందని ఖాయం చేసుకున్నాకే ఆ సంకేతం వ్యాసంలో పెట్టండి.

అనుమతులు, ప్యాకింగ్

ఎండిపోయిన మొక్కే కదా అని చట్టం ఊరుకోదు. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం, దాని కింద 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్ తర్వాత, ఏ దేశపు మొక్క మీద ఆ దేశానికి హక్కుంది. మీ అనుమతి పత్రంలో మూడు విషయాలు చూడండి: దేశం బయటికి పంపొచ్చా, తీసుకున్నవాళ్ళు ఇంకొకరికి ఇవ్వొచ్చా, డీఎన్ఏ తీయొచ్చా. ఆ షరతులు నమూనాతో పాటే, రాతపూర్వకంగా, ప్రయాణం చేయాలి. ఆర్కిడ్‌లు, చాలా కాక్టస్‌ల వంటివి సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాల్లో ఉన్నాయి, ఎండు షీట్లకూ అది వర్తిస్తుంది. అయితే సైటీస్ కింద నమోదైన శాస్త్రీయ సంస్థలు పరస్పరం వ్యాపారేతరంగా హెర్బేరియం నమూనాలు పంపుకోవడానికి సడలింపు ఉంది, ప్రత్యేక లేబుల్ పెట్టెకు అతికించాలి. అందుకే వ్యక్తి నుంచి వ్యక్తికి కాకుండా సంస్థ నుంచి సంస్థకే పంపండి.

కాగితాలు సరిగా లేకపోతే ఏమవుతుందో 2017లో అందరూ చూశారు. పారిస్ మ్యూజియం ఆస్ట్రేలియాకు లోన్‌గా పంపిన 105 షీట్లను, వాటిలో 19వ శతాబ్దం నాటివి ఉన్నా, పత్రాల్లో లోపాలున్నాయని అక్కడి జీవభద్రతా అధికారులు ధ్వంసం చేశారు. ఆ తర్వాత కొన్ని సంస్థలు ఆ దేశానికి లోన్లు పంపడం ఆపేశాయి. డూప్లికేట్ పోతే ఇంకోటి ఉంటుంది, టైప్ పోతే లేదు. పెట్టె వెళ్ళే దేశపు మొక్కల క్వారంటైన్ నియమాలు ఏమిటో తీసుకునే హెర్బేరియంనే అడగండి. వాళ్ళకు రోజూ ఉండే పనే అది.

కట్టడం సంగతి త్వరగా చెప్పేస్తాను. డూప్లికేట్లను అతికించకుండా, న్యూస్‌పేపర్ మడతల్లోనే పంపాలి. ప్రతి హెర్బేరియం షీటు కొలత, అతికించే పద్ధతి వేరు. నంబరు పేపరు అంచున పెన్సిల్‌తో రాయండి, నీటికి కరిగే సిరా వద్దు. రాలిన గింజలు, పూలు చిన్న కాగితం పొట్లంలో వేసి అదే మడతలో పెట్టండి. కట్టకు పైనా కిందా గట్టి అట్ట, నూలు టేపుతో బిగువుగా కట్టి, ప్లాస్టిక్ కవర్‌లో మూసి, పెట్టెలో కదలకుండా సర్దండి. పంపేముందు ఆ మూసిన కవర్‌తోనే మైనస్ 20 డిగ్రీల దగ్గర ఒక వారం ఫ్రీజర్‌లో పెడితే పురుగులు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవర్ విప్పకండి, విప్పితే తేమ పట్టి బూజు వస్తుంది. పాత కాలపు షీట్లు ఏవైనా కలిపి పంపుతుంటే, వాటికి మెర్క్యురిక్ క్లోరైడ్ అనే విషం పట్టించి ఉండొచ్చని ఒక హెచ్చరిక చీటీ పెట్టండి.

ఫోటోలు చాలవా?

ముందు ఫోటో తీయండి, స్కాన్ చేయండి, అది తప్పకుండా చేయాల్సిన పనే. పెట్టె పోతే కనీసం బొమ్మ మిగులుతుంది. కానీ పువ్వును నానబెట్టి విప్పి అండాశయంలో గదులు లెక్కపెట్టడం, రోమాలను సూక్ష్మదర్శిని కింద చూడటం, ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీయడం బొమ్మతో కుదరవు. ఇంకో తిరకాసు కూడా ఉంది. నాలుగు హెర్బేరియంలు నాలుగు షీట్లనూ స్కాన్ చేసి ఆన్‌లైన్ డేటాబేసుల్లో పెడితే, లెక్కలు చూసేవాళ్ళకు ఒక చెట్టు నాలుగు రికార్డులుగా కనిపిస్తుంది. సేకర్త పేరు, నంబరు, తేదీ అన్ని లేబుళ్ల మీదా అక్షరం తేడా లేకుండా ఉంటేనే వాటిని కంప్యూటర్ ఒకటిగా జతచేయగలదు. అందుకని లేబుళ్లన్నీ ఒకే ఫైలు నుంచి ముద్రించండి. ఒక సెట్టుకు చేత్తో రాసి, ఇంకో సెట్టుకు టైపు చేసి, మధ్యలో తేదీ పద్ధతి మార్చకండి.

దొంగలు ఎత్తుకుపోయే ఆర్కిడ్‌లు లాంటివి ఉంటే వాటి చోటు లేబుల్ మీద పూర్తిగా రాయండి, ఆన్‌లైన్‌లో మాత్రం దాచమని తీసుకునే హెర్బేరియంలను కోరండి. లేబుల్ మీదే చోటు తప్పించి రాస్తే ఆ షీటు శాస్త్రానికి పనికిరాకుండా పోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని కట్టలు విప్పడం కాదు. ముగ్గురి ఫీల్డ్ బుక్కులూ పక్కపక్కన పెట్టి నంబర్లు సరిచూసుకోండి. మీ అనుమతి పత్రంలో ఏముందో, నమూనాలను ఆల్కహాల్‌లో పెట్టి తెచ్చారో నేరుగా ఎండబెట్టారో మీ ప్రశ్నలో లేదు. ఆ రెండూ చెప్తే నిపుణుల సెట్టును, సిలికా ముక్కలను ఎలా విడదీయాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.